లిస్టులో లేని పన్నెండో సైడింగ్

ఉదయం ఏడుంపావుకి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఇడ్లీ బండి దగ్గర మోహనకృష్ణ సైకిల్ ఆపాడు. ఖాకీ చొక్కా, భుజానికి టూల్ కిట్. జేబు మీద ‘యూపీఎస్ సర్వీస్’ అని కుట్టి ఉంది.

"గోంగూర పచ్చడి ఉందా?" అన్నాడు.

"బుధవారం చేస్తాం," అన్నాడు బండివాడు.

"ఇవాళ బుధవారమే."

"అయితే అయిపోయింది."

కోడ్ సరిపోయింది. బండివాడు నాలుగు ఇడ్లీలు ఆకులో పెట్టి ఇచ్చాడు. అతని పేరు శామ్. తూర్పు జోన్ కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో డిప్యూటీ చీఫ్. మూడు రోజులుగా ఇడ్లీలు అమ్ముతున్నాడు. అప్పటికే గిరాకీ కుదిరింది.

"బ్రీఫింగ్ విను," అన్నాడు శామ్, చట్నీ వడ్డిస్తూ. "పన్నెండు రోజుల క్రితం ఒక వ్యాగన్ దారి తప్పింది. నేవీకి వెళ్లాల్సిన సోనార్ పరికరాలు. మూతపడిన ఒక ప్రైవేట్ సైడింగ్‌లో, అంటే సరుకు దించే పక్క పట్టాల మీద, దొరికింది. ఖాళీగా."

"ఎవరు పంపారు?"

"వ్యాగన్లు బుక్ చేసే ఇండెంట్ పోర్టల్‌లో ఎంట్రీ ఉంది. వ్యాగన్ ఎక్కడికి వెళ్లాలో క్లర్క్ దాని ఫారంలోనే ఎక్కిస్తాడు. ఆ మూతపడిన సైడింగ్ పేరు ఫారం లిస్టులోనే లేదు. అయినా ఎంట్రీ పడింది. ఇవాళ రెండో వ్యాగన్ కదులుతుంది. రెండు పదికి. దాన్నీ మళ్లిస్తారని కబురు. విదేశీ ముఠా. కొనేవాడు హల్దియాలో ఓడ మీద కూర్చున్నాడు."

"గూడ్సు బండి ఆపేయొచ్చుగా?"

"బండి ఆపితే ముఠా ఆగదు. ఇంకో చోట మొదలెడతారు. నాకు ఎంట్రీ వేసే చేయి కావాలి."

"అనుమానం ఎవరి మీద?"

"లాగిన్ ఒక క్లర్క్‌ది. గణపతిరావు. సస్పెండ్ చేశారు. సాయంత్రం నాలుగింటికి అరెస్టు. ఎనిమిది నెలల్లో రిటైర్ అవుతాడు. కాదు, అవ్వాల్సినవాడు."

మోహనకృష్ణ ఇడ్లీ తుంచలేదు.

"తెలుసా?"

"మా నాన్న స్నేహితుడు. పక్క క్వార్టర్. చిన్నాన్నా అని పిలుస్తాను."

"అందుకే నిన్ను పిలిపించాను. నాలుగింటిలోపు వేరే పేరు తెస్తే ఆయన పేరు కొట్టేస్తాను. లేకపోతే లేదు. ఠీక్ హై?"

"ఠీక్ హై."

"ఆ పోర్టల్‌ని ఎవరు తయారుచేశారో కూడా తెలీదు. సబ్ కాంట్రాక్టు మీద సబ్ కాంట్రాక్టు. పన్నెండేళ్లయింది."

మోహనకృష్ణకు తెలుసు. అతను డిపార్ట్‌మెంట్‌లో చేరడానికి ముందు రెండేళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేశాడు. ఆ ఫారం రాసింది అతనే. చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోగా ఇద్దరు మనుషులు వచ్చి రెండేసి ప్లేట్లు అన్నారు. శామ్ అటు తిరిగాడు. మోహనకృష్ణ ఆకు పడేసి సైకిల్ ఎక్కాడు.

*

గణపతిరావు భార్య దాలమ్మ తలుపు తీసి ఒక్క క్షణం చూసింది.

"ఒలమ్మ! ఈడు మన మోహనుడేనేటి? ఆ సొక్కా ఏటిరా? గవర్నమెంటు ఉజ్జోగం అన్నారు, బ్యాటరీలు మోస్తన్నావా?"

"అదే ఉద్యోగం పిన్నీ."

"సదువుకున్నోడికి ఎంత కష్టం వచ్చినాది. కూకో. తిన్నావేటి?"

గణపతిరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డ్యూటీ బట్టలు వేసుకున్నాడు. జేబులో పెన్ను ఉంది.

"పొద్దున్న లేస్తే ఆ బట్టలే తొడుగుతాడు," అంది దాలమ్మ. "యాడికీ అంటే, పంపు కాడికి అంటాడు. పంపు కాడికి పెన్నెందుకు?"

"నువ్వూరుకోయే." గణపతిరావు మోహనకృష్ణ వైపు తిరిగాడు. "నాను ఏటీ సెయ్యనేదు బాబూ. ఆ రోజు రెండు గంటల సైరన్ కొట్టకముందే నా ఎంట్రీలన్నీ ఎక్కించీసినాను. పదకొండు సైడింగులకి పదకొండు. పన్నెండోది నాది కాదు."

"మీ లాగిన్ మీదే ఉంది చిన్నాన్నా."

"ఉంటే ఉండనీ. నాది కాదు." ఆయన గొంతు పెంచలేదు. "నా డ్యూటీలో పని అవతలోడికి ఒదిలీడం నాకు తెలీదు. మా నాయన వర్క్‌షాప్‌లో ఒదల్నేదు. మీ నాయన ఒదల్నేదు. రెండు కొట్టీసరికి టేబుల్ కాళీగా ఉండాల. అందుకే కదా అప్పుడు ఆ ఎర్రరు గొడవ వచ్చినాది. గేపకం ఉందా?"

"ఉంది."

"పేజీ రాకముందే బటన్ నొక్కీసేవోణ్ని. ఎర్ర అక్షరాలు పడేవి. సారు పదిమందిలో తిట్టినాడు. ముసిలోడికి కంప్యూటర్ ఎందుకన్నాడు. నాకప్పుడు నలబై ఏడు." ఆయన నవ్వాడు. "నువ్వొచ్చి ఒక్క సిటికెలో బాగు సేసినావు. ఈ పన్నెండేళ్లలో ఒక్క ఎర్రరు రానేదు. మొన్న ఎంక్వయిరీ సారుకి కూడా అదే సెప్పినాను. ఆ ఫారం తప్పు సెయ్యదు సార్, మావోడు రాసినాడు అని."

"నా పేరు చెప్పారా?"

"పేరెందుకు? మావోడు అన్నాను."

దాలమ్మ టీ తెచ్చింది. మోహనకృష్ణ రెండు గుక్కల్లో తాగాడు. నాలుక కాలింది. వెళ్లొస్తానని లేచాడు.

"నువ్వొచ్చినావు కదా, ఇంక నాకు బెంగ నేదు," అన్నాడు గణపతిరావు.

*

ఇండెంట్ ఆఫీసు ఇందా అనే పేటలో ఒక అద్దె భవనం రెండో అంతస్తులో ఉంది. గేటు దగ్గర గార్డు యూపీఎస్ మనిషిని బెంగాలీలో ఆలస్యమైందని తిట్టి లోపలికి పంపాడు. పదకొండు నలభైకి మోహనకృష్ణ సర్వర్ గదిలో ఉన్నాడు. తలుపు దగ్గరకు వేశాడు. టూల్ కిట్‌లోంచి మల్టీమీటర్ తీసి వైర్లు ర్యాక్‌కు తగిలించాడు. అది వోల్టేజీ కొలవదు. డిపార్ట్‌మెంట్ ల్యాబ్ తయారుచేసిన పరికరం. నెట్‌వర్క్‌లోకి వెళ్తుంది, లాగ్ చదువుతుంది, శామ్ ఫోన్‌కు పంపుతుంది.

ఫైల్ తెరిచాడు. పేజీ మొదటి వరుసలోనే ఉంది.

ఈవెంట్ వ్యాలిడేషన్: ఫాల్స్. అంటే చెకింగ్ లేదు.

పక్కన ఒక నోట్. ‘ఎం.కె. తాత్కాలికం. నెట్ స్పీడ్ పెరిగాక తీసేయాలి.’

నెట్ స్పీడ్ పదేళ్ల క్రితమే పెరిగింది.

ఆ ఫారం పనిచేసే పద్ధతి కష్టమైనది కాదు. సర్వర్ పేజీని క్లర్క్‌కు పంపేటప్పుడు, అందులో ఏయే సైడింగ్‌లు చూపిస్తున్నదో ఒక జాబితా రాసి, సీలు వేసి, పేజీ అడుగున దాచి పంపుతుంది. మొత్తం పదకొండు పేర్లు. క్లర్క్ బటన్ నొక్కితే పేజీ తిరిగొస్తుంది. దాన్నే పోస్ట్‌బ్యాక్ అంటారు. చెకింగ్ ఆన్‌లో ఉంటే సర్వర్ సీలు చూస్తుంది. వచ్చిన పేరు ఆ పదకొండులో లేకపోతే తీసుకోదు. ఎర్రర్ ఇస్తుంది. ఎవడైనా పేజీని మధ్యలో మార్చి పన్నెండో పేరు ఇరికించినా లోపలికి రాదు.

సీలు పేజీ అడుగున ఉంటుంది. అదే చిక్కు. నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో పై సగం ముందు వచ్చేది. కింది సగం రాకముందే గణపతిరావు బటన్ నొక్కేవాడు. రెండు గంటల సైరన్ ఆయనకు ముఖ్యం. సీలు లేని పేజీ వెనక్కి వెళ్లేది. సర్వర్‌కు దొంగ అయినా, తొందర మనిషి అయినా ఒకటే. అదే ఎర్రర్ ఇచ్చేది.

చేయవలసింది మూడు లైన్లు. పేజీ మొత్తం వచ్చేదాకా బటన్ పనిచేయకుండా ఆపాలి. అప్పుడు మోహనకృష్ణకు ఇరవై ఆరేళ్లు. సాయంత్రం బండికి టికెట్ ఉంది. మూడు లైన్లు రాయలేదు. చెకింగ్ మొత్తాన్ని ఆపేశాడు. ఎర్రర్ పోయింది. చిన్నాన్న భుజం తట్టాడు.

లాగిన్ దొంగిలించడం ముఠాకు కష్టం కాదు. కానీ లాగిన్ ఒక్కటీ ఉంటే పదకొండు సైడింగ్‌లకే వ్యాగన్ పంపగలరు. పన్నెండోదానికి తలుపు తీసి పెట్టింది ఎం.కె.

ఫోన్ చేశాడు.

"చెకింగ్ ఆఫ్‌లో ఉంది," అన్నాడు.

"ఆడిట్ రిపోర్టులో ఆన్ అని ఉంది," అన్నాడు శామ్. "అందుకే బయటివాడు చేయలేడనీ, గణపతిరావే లోపలినుంచి చేశాడనీ తేల్చారు. ఆ రిపోర్టు రాసింది దోర్కా."

"ఎవరు?"

"సెక్యూరిటీ ఆడిటర్. ముఠా లోపల మన మనిషి. వ్యాగన్ కబురు ఇచ్చింది కూడా ఆమే."

"రిపోర్టు తప్పు. ఆమె ఫైల్ చూసి ఉండదు. లేదా చూసి ఉంటుంది."

శామ్ వెనక ఎవరో సాంబారు అడుగుతున్నారు.

"డబుల్ ఏజెంట్," అన్నాడు. "మనకు వ్యాగన్ సంగతి చెప్పి, ముఠాకు మన సంగతి చెబుతోంది. సరే. మనవాళ్లతో ఆ ఆఫీసు కింద ఉంటాను. చెకింగ్ ఎవరు ఆఫ్ చేశారు?"

మోహనకృష్ణ స్క్రీన్ మీద రెండు అక్షరాలు చూశాడు.

"కనుక్కుంటాను," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక అతను నాలుగు పనులు చేశాడు. ముందు ఆ మూడు లైన్లు రాశాడు. పేజీ పూర్తిగా వస్తేనే బటన్ వెలుగుతుంది. తర్వాత చెకింగ్ ఆన్ చేశాడు. ఇక తొందరపడినవాడికి ఎర్రర్ రాదు. ఎర్రర్ వచ్చిందంటే ఎవడో పేజీని మార్చాడని అర్థం.

మూడోది ఎర్రర్ పేజీ. పాత పేజీ ఏదైనా తప్పు జరిగితే ఫైల్ పేరు, ఫోల్డర్, వెర్షన్, ఏ లైన్‌లో తప్పిందో అన్నీ స్క్రీన్ మీద పరిచేది. దొంగకు ఇంటి ప్లాను చేతికిచ్చినట్టే. ముఠా ఈ తలుపును అలాగే కనిపెట్టి ఉంటుంది. దాన్ని తీసేసి ఒక్క వాక్యం పెట్టాడు: ‘మీ అభ్యర్థన పూర్తి కాలేదు. దయచేసి పేజీని మళ్లీ తెరిచి ప్రయత్నించండి.’

నాలుగోది లాగ్. ఎవరు, ఎక్కడినుంచి, ఏ పేరు పంపారు, ఏ సెకనుకు పంపారు, అంతా లోపల నమోదయ్యేట్టు చేశాడు. నమోదైన ప్రతిసారీ మల్టీమీటర్ మీద అంకె ఒకటి పెరుగుతుంది.

సేవ్ చేశాడు. మల్టీమీటర్ సున్నా చూపిస్తోంది. ఒంటిగంట యాభై నాలుగు.

తలుపు తెరుచుకుంది.

*

దోర్కా గదిలోకి వస్తే మనుషులు కుర్చీలు సర్దుకుంటారని శామ్ ఫైల్‌లో రాసి ఉంది. మోహనకృష్ణ టూల్ కిట్ సర్దుకున్నాడు. ఆమె నల్ల చీర కట్టుకుంది. మెడలో ఆడిటర్ కార్డు. కుడిచేయి హ్యాండ్‌బ్యాగ్ లోపల ఉంది.

"యూపీఎస్ బాగయిందా మోహనకృష్ణ గారూ?"

"పేరు మీకెలా తెలుసు?"

"మాదీ ఇక్కడే. చర్చి వెనక క్వార్టర్స్. మీరు స్కూల్లో నాకంటే రెండేళ్లు ముందు. లెక్కల్లో ఫస్ట్ వచ్చేవారు." ఆమె తలుపు మూసింది. "కీబోర్డు దగ్గర్నుంచి లేవండి. చేతులు కనపడాలి."

అతను లేచాడు. ఆమె బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. చిన్నది. సైలెన్సర్ ఉంది.

"నేను కాల్చడానికి రాలేదు. సాయం చేయడానికి వచ్చాను," అంది. "ఎం.కె. అంటే ఎవరో ఆడిట్ చేసిన రోజే కనుక్కున్నాను. మీ శామ్‌కి చెప్పలేదు. ఎందుకో తెలుసా?"

"ఇలాంటి రోజు కోసం."

"తెలివైనవారు. ఇవాళ రెండింటిలోపు ఒక ఎంట్రీ పడుతుంది. క్లర్కులంతా సైరన్ లోపల ఎక్కించాలని ఎగబడే టైమ్. ఇంకోటి పడినా ఎవరూ చూడరు. తర్వాత నేను ఈ ఫైల్ హిస్టరీ మొత్తం తుడిచేస్తాను. ఎం.కె. అనే మనిషి ఎప్పుడూ లేడు. మీ ఉద్యోగం మీకు ఉంటుంది."

"గణపతిరావు?"

"ఆయనకు అరవై వస్తున్నాయి. బెయిల్ ఇస్తారు."

ఆమె ఎడమచేత్తో కీబోర్డు దగ్గరకు జరుపుకుంది. చెకింగ్ లైన్ ఆమె చూడలేదు. ఆమె తెరిచింది హిస్టరీ. పన్నెండేళ్ల మార్పులు తేదీల వారీగా వరుసలో ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఎం.కె. చెకింగ్ ఏ రోజు ఆగిపోయిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. అది ఉంటే గణపతిరావు నిర్దోషి. పోతే మోహనకృష్ణ నిర్దోషి.

మల్టీమీటర్ సున్నా దగ్గరే ఉంది. ఒకటి యాభై ఎనిమిది.

అంకె మారింది. ఒకటి.

దోర్కా స్క్రీన్ వైపే చూస్తోంది. హిస్టరీ మొత్తం సెలెక్ట్ చేసింది. ‘తొలగించాలా?’ అని సర్వర్ అడిగింది.

రెండు అయింది అంకె. తర్వాత మూడు. అవతల ఎవడో ఎర్రర్ పేజీ చదివి, నెట్ బాగోలేదనుకుని, దయచేసి అన్న మాటను మన్నించి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నాడు. ప్రతిసారీ తన అడ్రస్ పంపుతున్నాడు.

వ్యాగన్ ఇక ఎక్కడికీ పోదు. మోహనకృష్ణ పని అయిపోయింది. ఆమె వేలు ఎంటర్ మీదకు వెళ్లింది. అతను ఏమీ చేయకుండా నిలబడితే చాలు.

మూడు సెకన్లు నిలబడ్డాడు.

తర్వాత మడమతో వెనకనున్న యూపీఎస్ స్విచ్ కొట్టాడు. ఆ గదిలో యూపీఎస్‌లు రెండు. ఒకటి సర్వర్లది, ఒకటి కన్సోల్‌ది. గదిలోకి రాగానే రెండిటినీ చూసుకున్నాడు. స్క్రీన్ నల్లబడింది. కీబోర్డు చచ్చింది. ర్యాక్‌లో సర్వర్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

దోర్కా రెండుసార్లు ఎంటర్ నొక్కింది. అప్పుడు అర్థమైంది.

"పిచ్చివాడివా? అది నీ పేరు!"

"నాదే."

ఆమె పిస్టల్ ఎత్తింది. అతను టూల్ కిట్ విసిరాడు. గుండు ఫాల్స్ సీలింగ్‌లోకి పోయింది. అదే సమయానికి వర్క్‌షాప్ సైరన్ మొదలైంది. రెండు గంటలు. సైరన్ ఆగేసరికి గదిలో శామ్ మనుషులు నలుగురు ఉన్నారు. పిస్టల్ వాళ్ల చేతిలో ఉంది. శామ్ ఏప్రన్ ఇంకా విప్పలేదు.

"ప్రేమ్ బజార్‌లో స్టేషనరీ షాపు మీద అద్దె గది," అన్నాడు శామ్ కాసేపటికి ఫోన్ పెట్టేసి. "మనవాళ్లు తలుపు కొట్టినప్పుడు నాలుగోసారి నొక్కుతున్నాడు. రీఫ్రెష్ చేస్తే వస్తుందేమోనని మనవాళ్లనే అడిగాడు. హల్దియాలో ఓడ కూడా ఆపేశారు."

దోర్కాను తీసుకెళ్తున్నారు. గుమ్మం దగ్గర ఆగింది.

"మీ వాడిని అడగండి," అంది శామ్‌తో, "తలుపు ఎవరు తీశారో."

శామ్ మోహనకృష్ణ వైపు చూశాడు.

"కనుక్కున్నావా?"

"మీరు ఫోన్‌లో అడిగినప్పుడే తెలుసు," అన్నాడు మోహనకృష్ణ. "మీరు కావాలన్న వేరే పేరు నాది."

*

నాలుగింటికి అరెస్టు జరగలేదు. అయిదింటికి మోహనకృష్ణ న్యూ సెటిల్‌మెంట్ వెళ్లాడు. సస్పెన్షన్ ఎత్తేశారని చెప్పాడు. గణపతిరావు లేచి నిలబడ్డాడు. కూర్చోమని, మిగతాది చెప్పాడు. చెకింగ్ సంగతి, మూడు లైన్ల సంగతి, సాయంత్రం టికెట్ సంగతి. ఆ మూడు సెకన్లూ చెప్పాడు.

గణపతిరావు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

"నన్ను తిట్లనుంచి తప్పించడానికే కదా సేసినావు," అన్నాడు.

"అవును. కానీ బాగు చేశానని చెప్పాను. చేయలేదు. కనపడకుండా చేశాను."

"తొందర నాది కూడా ఉన్నాది బాబూ."

"తొందర తప్పు కాదు చిన్నాన్నా. తొందరపడే మనిషి ఉన్నాడని తెలిసి రాయాల్సింది నేను."

దాలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింది. ఈసారి టీ తేలేదు.

"పన్నెండు రోజులు పంపు కాడ నాతో ఎవుళ్లూ మాటాడనేదు," అంది. "నా బిందె ఎనక్కి జరిపీసినారు. నువ్వు రిపోర్టు రాస్తావు కదా, అది కూడా రాయి."

"రాస్తాను పిన్నీ."

"ఆ, రాయి."

మర్నాడు గణపతిరావు డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. "ఏటిరా ఆ బటను, ఎలగడానికి ఒక సెకను పడతన్నాది? స్లో సేసీసినావు," అన్నాడు. మోహనకృష్ణ ఈసారి దాన్ని మార్చలేదు.

డిపార్ట్‌మెంట్ అతన్ని ఏడాది పాటు ఫీల్డ్ నుంచి తప్పించింది. పూర్తి వివరణను తమ సొంత పోర్టల్‌లో సమర్పించమంది. మోహనకృష్ణ ఉదయం పదింటికి ఆ ఫారం తెరిచి మధ్యాహ్నం రెండింటిదాకా రాశాడు. పేరు, తేదీ, ఎం.కె., మూడు సెకన్లు, ‘నష్టం’ అన్న గడిలో దాలమ్మ బిందె. సమర్పించు అన్న బటన్ నొక్కాడు. అప్పటికి సెషన్ ముగిసింది. తెర మీద పోస్ట్‌బ్యాక్ చెల్లలేదని ఎర్రర్ వచ్చింది. కింద ఫైల్ పేరు, ఫోల్డర్, వెర్షన్, లైన్ నంబరు వరుసగా ఉన్నాయి. నాలుగు గంటలు రాసింది పోయింది.

అతను పేజీని మళ్లీ తెరిచి తప్పు రెండోసారి ఒప్పుకున్నాడు. ఈసారి పది నిమిషాలు పట్టింది. చివర ‘ఇతర విషయాలు’ అన్న గడి ఉంది. ఈ ఫారం రాసింది తాను కాదని అందులో చేర్చాడు.